సీడీజే-800 ఎంకే2నా, 1000 ఎంకే3నా: ఇంట్లో రెండూ ఏళ్ళ తరబడి వాడాక

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం అసలు విషయం ముందే చెప్పేస్తాను. ఇంట్లో వాయించుకోవడానికి, అందులోనూ ఒక ట్రాక్‌లోంచి ఇంకో ట్రాక్‌లోకి నిదానంగా కలుపుకుంటూ వెళ్ళేవాళ్ళకి పయొనీర్ సీడీజే-800 ఎంకే2 చాలు (ఇవి డీజేలు పాటలు కలపడానికి వాడే సీడీ ప్లేయర్లు, మామూలుగా డెక్ అంటారు). 1000 ఎంకే3కి పెట్టే అదనపు డబ్బు హాట్ క్యూలు (పాటలో గుర్తుపెట్టుకున్న చోటికి ఒక్క బటన్‌తో దూకడం) నిజంగా వాడేవాళ్ళకీ, రేపో మాపో బయట క్లబ్బుల్లో వాయించాల్సినవాళ్ళకీ మాత్రమే గిట్టుబాటవుతుంది. రెండూ ఒకే కంపెనీవి, రెండూ 2006లో వచ్చినవే. మధ్య రకానికీ పై రకానికీ తేడా ఎక్కడుందో చూడటానికి ఇంతకంటే మంచి జోడీ దొరకదు. నేను మొదట 800ల జత వాడాను, తర్వాత 1000ల జత తెచ్చుకున్నాను, అయినా 800లని వదల్లేదు. ఇప్పటికీ ఏ రకం పాటలు వాయించాలనిపిస్తే దాన్నిబట్టి ఆ జత టేబుల్ మీదికి వస్తుంది.

సౌండ్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. అదే డిస్క్, అదే మిక్సర్ (రెండు డెక్‌ల సౌండ్ కలిపే పెట్టె), అవే స్పీకర్లు పెట్టి డెక్‌లు మార్చి మార్చి విన్నాను, నాకైతే తేడా ఏమీ వినపడలేదు. సీడీ మీద ఉండేది 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ ఆడియో, రెండూ దాన్ని శుభ్రంగానే బయటికి పంపిస్తాయి. స్పీకర్లు గోడకి ఎంత దగ్గరగా ఉన్నాయన్నది దీనికంటే చాలా పెద్ద విషయం. పెద్ద మోడల్ సౌండ్ బావుంటుందని ఎవరైనా చెబితే ఆ ఒక్క మాట నమ్మి డబ్బు పెట్టకండి.

అసలు తేడా అంతా వేళ్ళ దగ్గర తెలుస్తుంది. జాగ్ వీల్, అంటే డెక్ మీద చేత్తో తిప్పే పెద్ద చక్రం, సైజు రెండింటికీ ఒకటే, 206 మిల్లీమీటర్లు. పైన చెయ్యి పెడితే పాట ఆగడం, వెనక్కి ముందుకీ తిప్పితే రికార్డు తిప్పినట్టు చప్పుడు రావడం, అంచుని కొద్దిగా నెడితే పాట ఒక్క క్షణం వేగం పుంజుకుని మళ్ళీ మామూలైపోవడం, ఇవన్నీ రెండింటిలోనూ ఉన్నాయి. 1000లో అదనంగా ఉండేది జాగ్ బిగువుని మార్చుకునే నాబ్. బాగా వదులు చేస్తే చిన్నగా తోసినా వీల్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది, బిగిస్తే వేలు తీసిన చోటే ఆగిపోతుంది. నేను దాన్ని మధ్య కంటే కొంచెం బిగువు వైపు పెట్టుకుని ఆ తర్వాత దాదాపు ముట్టుకోలేదు. స్క్రాచింగ్ (పాటని వెనక్కి ముందుకీ లాగి చప్పుడు పుట్టించడం) చేసేవాళ్ళకి ఇది ప్రాణం, ఒప్పుకుంటాను. బీట్ కలపడం వరకే అయితే 800 వీల్‌కి చెయ్యి అలవాటు పడ్డాక ఆ నాబ్ లేదన్న సంగతే గుర్తుకు రాదు.

క్యూ పాయింట్ (పాట ఎక్కడినుంచి మొదలవ్వాలో చెప్పే గుర్తు) పెట్టడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్ళు మొదట ఇబ్బంది పడేది ఇక్కడే. సీడీలో సెకనుకి 75 ఫ్రేములు ఉంటాయి, అంటే ఒక్కో ఫ్రేము సుమారు 13 మిల్లీసెకన్లు. వినైల్ మోడ్ (జాగ్‌ని రికార్డులా పనిచేయించేది) ఆపేసి పాటని పాజ్ చేస్తే డెక్ ఆ ఒక్క ముక్కనే పదే పదే వినిపిస్తూ హెడ్‌ఫోన్స్‌లో ట్ట్ట్ట్ట్ అని కొడుతూ ఉంటుంది. జాగ్‌ని ఒక్కో ఫ్రేమూ కదుపుతూ వెనక్కి వెళ్ళండి. కిక్ (బాస్ డ్రమ్ దెబ్బ) మొదలయ్యే చోటు దాటగానే ఆ చప్పుడు ఒక్కసారిగా సన్నబడిపోతుంది, లేదా నిశ్శబ్దం అయిపోతుంది. అక్కడినుంచి ఒక్క ఫ్రేము ముందుకి వచ్చి క్యూ నొక్కాలి. ఈ పని రెండు డెక్‌ల మీదా ఒకేలా, ఒకే సమయంలో అవుతుంది. ఇది చేతికి వస్తే మిగతా సగం పని అయిపోయినట్టే, దీనికి పై రకం డెక్ అక్కర్లేదు.

ఇక టెంపో స్లైడర్, అంటే పాట వేగాన్ని పెంచే తగ్గించే మీట. ఎక్కువ వాదనలు జరిగేది దీని మీదే, కానీ లెక్క వేసి చూసేవాళ్ళు తక్కువ. 800లో మామూలు రేంజ్ ±10 శాతం, అందులో ఒక్కో మెట్టు 0.05 శాతం. 1000లో ±6, ±10, ±16 ఉన్నాయి, ±6 మీద పెడితే మెట్టు 0.02కి తగ్గుతుంది. 128 బీపీఎం (నిమిషానికి 128 బీట్లు) ట్రాక్ తీసుకుంటే బీట్‌కీ బీట్‌కీ మధ్య దాదాపు 469 మిల్లీసెకన్లు. మీకు కావాల్సిన వేగం సరిగ్గా రెండు మెట్ల మధ్యలో పడిందనుకోండి, 800లో 0.025 శాతం తేడా మిగిలిపోతుంది. అంటే నిమిషానికి 15 మిల్లీసెకన్లు జరుగుతుంది. 1000లో అదే నిమిషానికి 6. పదిహేను మిల్లీసెకన్ల దగ్గర రెండు కిక్‌లూ కలిసే వినపడతాయి కానీ కొంచెం పలచబడతాయి, ముప్ఫై దాటాక మాత్రం గుర్రం డెక్కల్లా విడివిడిగా పడటం మొదలవుతుంది. కాబట్టి 800లో అన్నిటికంటే చెడ్డ పరిస్థితిలో కూడా ఒక నిమిషానికోసారి జాగ్ అంచుని వేలితో తాకితే సరిపోతుంది. రెండు నిమిషాల పాటు రెండు ట్రాకులూ కలిపి ఉంచే అలవాటున్నవాళ్ళకి 1000 సుఖంగా ఉంటుంది, అది నిజం. ఆ సుఖం లేకపోతే పని జరగదా అంటే, హాయిగా జరుగుతుంది. పైగా చెవి ఎప్పుడూ పాట మీదే ఉంటుంది, నా దృష్టిలో అది మంచిదే. ఈ రెండింటిలోనూ బీట్‌లని తనే కలిపేసే సింక్ బటన్ లేదు, చెవే దిక్కు.

మాస్టర్ టెంపో రెండింటిలోనూ ఉంది. 6 శాతం వేగం పెంచితే పాట శ్రుతి దాదాపు ఒక సెమీటోన్ పైకి వెళ్తుంది, గొంతు సన్నబడినట్టు వెంటనే తెలిసిపోతుంది. అలాంటప్పుడు మాస్టర్ టెంపో నొక్కితే వేగం మారినా శ్రుతి అక్కడే ఉంటుంది. రెండు మూడు శాతం లోపల మార్పులకి నేను దాన్ని అసలు ఆన్ చేయను, కిక్ పదును కొంచెం పోయినట్టు అనిపిస్తుంది నాకు.

హాట్ క్యూ దగ్గరికి వచ్చేసరికి మాత్రం 1000 పూర్తిగా వేరే యంత్రం. ఏ, బీ, సీ అని మూడు బటన్లు, పాట నడుస్తుండగానే ఒక్కో చోటు వాటిలో పెట్టుకోవచ్చు. ఏ మీద మొదటి కిక్, బీ మీద పాడటం మొదలయ్యే చోటు, సీ మీద బ్రేక్‌డౌన్ (డ్రమ్స్ ఆగిపోయే భాగం) తర్వాత మళ్ళీ డ్రమ్స్ వచ్చే చోటు పెట్టుకున్నానంటే ఒక ట్రాక్‌ని ముక్కలు ముక్కలుగా విడదీసి నాకు నచ్చిన వరసలో మళ్ళీ కట్టుకోగలను. అందరూ నాట్యం చేస్తున్నప్పుడు బ్రేక్‌డౌన్ మరీ పొడవుగా సాగుతోందనిపిస్తే సీ నొక్కి నేరుగా డ్రమ్స్ మీదికి దూకేయొచ్చు. ఆ క్యూలని ఎస్‌డీ కార్డులో దాచుకోవచ్చు, అదే డిస్క్ మళ్ళీ పెట్టినప్పుడు వెతుక్కునే పని లేదు. హిప్ హాప్ వాయించేవాళ్ళు, పాటల్ని తెంచి అతికించే పద్ధతి ఇష్టపడేవాళ్ళు మధ్య రకం జోలికి వెళ్ళకండి. 800లో ఈ బటన్లు లేవు, కార్డు స్లాటూ లేదు, వాటికి బదులుగా చేయగలిగింది కూడా ఏమీ లేదు.

800కి మాత్రమే ఉన్నవి కూడా రెండు ఉన్నాయి, వీటి గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. ఒకటి ఆటో బీట్ లూప్, డెక్ తనే బీపీఎం లెక్కపెట్టుకుని లూప్ (పాటలో ఒకే ముక్క ఆగకుండా తిరగడం) కట్టేస్తుంది, లూప్ ఎక్కడ ముగియాలో చేత్తో పట్టుకునే టెన్షన్ ఉండదు. నాలుగు కిక్‌ల హౌస్, టెక్నో ట్రాకుల్లో బాగా పనిచేస్తుంది, డ్రమ్స్ విరిగి విరిగి పడే పాటల్లో బీపీఎం తప్పు చదివితే లూప్ కూడా తప్పుతుంది. రెండోది క్విక్ రిటర్న్. అది ఆన్ చేసి జాగ్ మీద చెయ్యి పెడితే చాలు, పాట క్యూ పాయింట్‌కి తిరిగి వచ్చేస్తుంది. ఒక చిన్న మాటనో హారన్ చప్పుడునో క్యూ చేసుకుని పదే పదే విసరడానికి ఇది చాలా బావుంటుంది. 1000ల మీద వాయిస్తున్నప్పుడు నాకు దీని కోసం చెయ్యి తనంతట తానే వెళ్తుంది.

రెండూ ఎంపీ3 డిస్కులు చదువుతాయి. 320 కేబీపీఎస్ ఫైలు నిమిషానికి 2.4 ఎంబీ, ఆరు నిమిషాల ట్రాక్ 14 ఎంబీ దాకా ఉంటుంది, కాబట్టి 700 ఎంబీ డిస్క్‌లో యాభైకి కొంచెం అటూ ఇటూగా పడతాయి. మామూలు ఆడియో సీడీ అయితే 80 నిమిషాలే. అయినా నేను ఆడియో సీడీలే ఎక్కువ చేసుకుంటాను, పది పన్నెండు పాటల్లో నాకు కావాల్సింది కవరు మీద రాసుకున్న బీపీఎం చూసి వెంటనే తీసేయగలను, యాభై ఫైళ్ళలో ఆ చిన్న డిస్‌ప్లే మీద వెతుకుతూ కూర్చోవడం నాకు నచ్చదు. ఏది చేసినా బర్న్ అయ్యాక ఫైనలైజ్ చేయడం (వేరే ప్లేయర్లు చదివేలా డిస్క్ రాతని ముగించడం) మర్చిపోవద్దు. డిస్క్ మీద కాగితం స్టిక్కర్లు అంటించకండి, ఇవి డిస్క్‌ని లోపలికి లాక్కునే డెక్‌లు, స్టిక్కర్ లోపల ఊడితే తీయడం నరకం.

ఒక జత కొనడానికి ఉన్న డబ్బు ఒక 1000కీ ఒక చిన్న డెక్‌కీ పంచుదామా అని అడిగేవాళ్ళుంటారు. వద్దు. రెండు డెక్‌లూ ఒకేలా ఉండాలి. ఒకవైపు ±6, ఇంకోవైపు ±10 ఉంటే స్లైడర్‌ని అంతే దూరం జరిపినా వేగం వేరేగా మారుతుంది, చెయ్యి నేర్చుకున్నది ఒక పక్కే పనికొస్తుంది. రెండు 800లు తీసుకుని మిగిలింది మంచి మిక్సర్‌కీ, బయటి చప్పుడు లోపలికి రానివ్వని హెడ్‌ఫోన్స్‌కీ పెట్టండి. మిక్సర్‌లో ఈక్యూతో (బాస్, ట్రెబుల్ సర్దే నాబ్‌లతో) బాస్‌ని పూర్తిగా కోయగలగడం రోజూ వాడే విషయం, జాగ్ బిగువు అలా కాదు.

యూఎస్‌బీ కావాలంటే ఈ చర్చే మారిపోతుంది. 2009లో వచ్చిన సీడీజే-2000, 900 పెన్‌డ్రైవ్‌తో నడుస్తాయి. 2016 నాటి 2000 ఎన్ఎక్స్ఎస్2లో ఇంకా సీడీ పెట్టుకోవచ్చు, 2020లో వచ్చిన 3000లో ఆ చోటే తీసేశారు. పయొనీర్ డెక్‌ల మీద డిస్కులతోనే వాయించాలనుకునేవాళ్ళకి ఇప్పుడు దారి వాడినవి కొనుక్కోవడమే.

వాడిన డెక్ ఏ కంపెనీదైనా, ఏ మోడల్‌దైనా కొనేముందు ప్లే, క్యూ బటన్లు అంచు మీద నొక్కి చూడండి, మధ్యలో మాత్రమే పట్టుకుంటుంటే లోపలి స్విచ్ అరిగినట్టే. బర్న్ చేసిన పాత డిస్క్ ఒకటి తీసుకెళ్ళి చివరి ట్రాక్‌కి నేరుగా దూకించండి. లెన్స్ నీరసపడితే మామూలుగా తడబడేది బర్న్ చేసిన డిస్కుల దగ్గరే, అదీ బయటి అంచు వైపే. స్లైడర్‌ని చాలా మెల్లగా పైనుంచి కిందికి లాగుతూ అంకెలు చూడండి, మధ్యలో అంకె ముందుకీ వెనక్కీ గెంతుతుంటే దుమ్ము పట్టింది, శుభ్రం చేస్తే పోవచ్చు, పోకపోతే ఆ స్లైడర్ భాగమే మార్చాలి. చివరగా ఒకే పాటని రెండు డిస్కుల మీద బర్న్ చేసుకెళ్ళి, రెండు స్లైడర్లూ సున్నా మీద పెట్టి, రెండింటినీ కలిపి వదిలేసి ఐదు నిమిషాలు వినండి, తర్వాత రెండింటినీ +3 మీద పెట్టి మళ్ళీ కలిపి వినండి. అంకెలు ఒకటే చూపిస్తూ పాటలు విడిపోతుంటే ఆ జత తీసుకోకండి.