పడవ ఊగినా చూపు నిలిపిన 8×42 బైనాక్యులర్

గవర్నర్‌పేటలోని కెమెరా దుకాణానికి నేను వెళ్లింది పది రెట్లు దగ్గరగా చూపే బైనాక్యులర్ కోసం. "ఎక్కడ వాడతారమ్మా?" అని యజమాని అడిగారు. కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్‌కు, పడవలో వెళుతున్నామన్నాను. ఆయన దాన్ని బీరువాలో పెట్టేసి, 8×42 అని రాసి ఉన్నది చేతికిచ్చారు. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపుతుందని, 42 అంటే ముందరి అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో అని అర్థం. పక్షితో పాటు చేతి వణుకు కూడా పది రెట్లవుతుందని, ఊగే పడవలో కళ్లు తిరుగుతాయని చెప్పారు. ఎక్కువ ధరది పక్కన పెట్టి తక్కువది అమ్మిన మనిషి మాట నమ్మాను.

ఫిబ్రవరిలో తమ్ముడితో వెళ్లాను. గోదావరి తెచ్చిన ఇసుక, ఒండ్రు మేటవేసి ఏర్పడిన దీవి అది. తుపాను అలలకు అడ్డునిలిచి కాకినాడను కాస్తుంది. మనుషులుండేది ఒక చిన్న మత్స్యకార పల్లెలోనే.

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. మడ అడవి అంచున పడవ నెమ్మదించింది. బురదలో కర్రముక్కలనుకున్నవి కదిలాయి. బైనాక్యులర్ ఎత్తితే నాలుగు నీటికుక్కలు! ఒకటి ముందరి కాళ్లతో చేపను పట్టుకుని తల వైపు నుంచి కొరుకుతోంది. మీసాల మీది నీటి బొట్లు కూడా కనిపించాయి. తమ్ముడి ఫోనులో పడింది నల్లటి చుక్కలే. 42ను 8తో భాగిస్తే 5.25, అన్ని మిల్లీమీటర్ల వెడల్పున వెలుగు కంటికి చేరుతుంది. మసక వెలుతురులో దాని ఉపయోగం స్పష్టంగా తెలిసింది.

దీవిలో ఇసుక మీద ట్రాక్టర్ చక్రాల జాడల్లాంటి గుర్తులున్నాయి. రాత్రి గుడ్లు పెట్టి వెళ్లిన ఆలివ్ రిడ్లే తాబేలువి. దూరాన కాకులు మూగి ఉంటే బైనాక్యులర్‌తో చూశాను. చనిపోయిన తాబేలు. గాలి కోసం నీటి పైకి రావలసిన జీవి, వలలో చిక్కితే ఊపిరాడక చచ్చిపోతుంది. చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు.

లోపాలూ ఉన్నాయి. అద్దాల మూతలు వదులు, ఒకటి సముద్రంలో పడిపోయింది. నైలాన్ పట్టీ రెండు గంటలకే మెడను ఒరుసుకుంది. గుంటూరు వచ్చాక గుడ్డపట్టీ కుట్టించుకున్నాను. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు అంచును మడిచి చూడాలి.

పల్లెలో ఒక పెద్దావిడ బైనాక్యులర్ అడిగి తీసుకుని, చక్రం తనే తిప్పుకుని, సముద్రం వైపు చూసి, "మావాడి పడవే, వలలు లాగేస్తున్నారు" అంది. నాకింకా అక్కడ పడవే కనిపించలేదు.