చిన్న కన్వర్టిబుల్: గుడ్డ టాప్ మేలా, గట్టి టాప్ మేలా?

చిన్న కన్వర్టిబుల్, అంటే పైకప్పు తెరిచి నడపగలిగే కారు, కొనాలనుకునేవాళ్ళకి ఇంజిన్, రంగు, సీట్ల సంగతి తొందరగానే తేలిపోతుంది. తేలనిది ఒక్కటే: పైన గుడ్డ ఉండాలా, గట్టి రూఫ్ ఉండాలా? నేను మాజ్దా ఎంఎక్స్-5 గుడ్డ టాప్ కారు తీసుకున్నాను. తీసుకునే ముందు అదే కారులో గట్టి టాప్ ఉన్న ఆర్ఎఫ్‌ని కూడా అన్ని రకాల రోడ్ల మీదా నడిపాను. మినీ కంపెనీ నాలుగు సీట్ల కన్వర్టిబుల్‌ని కూడా చూశాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను: గుడ్డ టాపే మేలు. కాకపోతే అందరికీ కాదు. ఎవరికి కాదో కూడా చెప్తాను.

గుడ్డ టాప్ ఎంఎక్స్-5, ఆర్ఎఫ్ రెండూ ఒకే ఒళ్ళు, ఒకే ఇంజిన్లు ఉన్న కార్లు. ఇప్పుడున్న నాలుగో తరం ఎంఎక్స్-5 గుడ్డ టాప్‌తో 2015లో అమ్మకానికి వచ్చింది, ఆర్ఎఫ్‌ని 2016లో చూపించారు. పొడవు 3.9 మీటర్లు, సీట్లు రెండే, ఇంజిన్ ముందు, తోసేవి వెనక చక్రాలు. కాబట్టి వీటిని పక్కపక్కన పెట్టి పోలిస్తే కనిపించే తేడా అంతా ఆ పైకప్పు వల్ల వచ్చినదే.

ముందు టాప్ తెరిచే పని చూద్దాం. గుడ్డ టాప్‌కి మోటారు లేదు. ముందు అద్దం పైన మధ్యలో ఒక లివర్ ఉంటుంది. దాన్ని లాగి, టాప్‌ని వెనక్కి తోసి, క్లిక్ అనేదాకా కిందకి నొక్కితే అయిపోయింది. సీట్లోంచి లేవక్కర్లేదు, సీట్ బెల్ట్ తీయక్కర్లేదు. మడతపడ్డాక టాప్ ముందు భాగమే పైకి వచ్చి మిగతాదాన్ని కప్పేస్తుంది కాబట్టి విడిగా కవర్ వేసే పని కూడా లేదు. నాలుగైదు సెకన్లు, అంతే. ఆర్ఎఫ్‌లో అయితే స్విచ్ నొక్కి పట్టుకోవాలి. వెనక భాగం పైకి లేస్తుంది, మధ్య ముక్కలు మడతపడి లోపలికి వెళ్తాయి, లేచింది మళ్ళీ కిందకి దిగుతుంది. ఇదంతా సుమారు 13 సెకన్లు. చూడటానికి ఎంత బాగుంటుందో చెప్పలేను, రోడ్డు మీద జనం ఆగి మరీ చూస్తారు. వేగం మాత్రం గంటకి 10 కిలోమీటర్ల లోపే ఉండాలి.

13 సెకన్లు ఎక్కువేమీ కాదు కదా అనిపిస్తుంది. కానీ ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, అది ఎప్పుడు పచ్చగా మారుతుందో తెలియనప్పుడు, స్విచ్ మీద వేలు పెట్టడానికి మనసు వెనకాడుతుంది. సగం తెరుచుకున్న రూఫ్‌తో ముందుకి కదలాలంటే టెన్షన్. గుడ్డ టాప్‌తో ఆ ఆలోచనే రాదు. ఎండ తగ్గితే తీస్తాం, రెండు చినుకులు పడితే మూస్తాం, ఆగగానే మళ్ళీ తీస్తాం. పాలో మందులో తేవడానికి దగ్గరలో ఉన్న కొట్టుకి వెళ్తున్నా సరే టాప్ తీసే వెళ్తాం. కన్వర్టిబుల్ కొన్నదే తెరిచి నడపడానికి అయినప్పుడు, ఎక్కువసార్లు తెరవాలనిపించే కారే మంచి కన్వర్టిబుల్ అని నా గట్టి అభిప్రాయం. మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే.

రెండోది బరువు. గుడ్డ టాప్ కారు మొత్తం బరువు దేశాన్ని, ఇంజిన్‌ని బట్టి టన్నుకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఆర్ఎఫ్ దానికన్నా సుమారు 45 కిలోలు ఎక్కువ. పెద్ద కారులో ఆ తేడా ఎవరికీ తెలియదు. ఇంత చిన్న కారులో తెలుస్తుంది, ఎందుకంటే రూఫ్ మూసి ఉన్నప్పుడు ఆ బరువులో కొంత పైన ఉంటుంది. ఒక మలుపు నుంచి వెంటనే ఎదురు మలుపులోకి తిప్పినప్పుడు ఆర్ఎఫ్ ఒక్క క్షణం ఆగి ఒళ్ళు సర్దుకుంటుంది. గుడ్డ టాప్ కారు స్టీరింగ్ తిప్పగానే తిరిగిపోతుంది. ఎంఎక్స్-5 పుట్టిందే తేలిక కోసం. 1989లో షికాగో ఆటో షోలో మొదటిది బయటికి వచ్చినప్పుడు దాని వెనక ఉన్న స్ఫూర్తి 1960ల నాటి లోటస్ ఎలాన్ లాంటి చిన్న బ్రిటిష్ కార్లు. వాటి గొప్పతనం హార్స్‌పవర్ కాదు, బరువు లేకపోవడం.

గట్టి రూఫ్‌ని మడిచి దాచే ఆలోచన కొత్తదేమీ కాదు. పెజో 1930లలోనే చేసింది. 1957లో ఫోర్డ్ స్కైలైనర్ వచ్చింది. 1996లో మెర్సిడెస్ ఎస్‌ఎల్‌కే దాన్ని మళ్ళీ ఫ్యాషన్ చేస్తే, 2002లో దైహత్సు కోపెన్ లాంటి బుల్లి కారుకి కూడా వచ్చేసింది. ఆ తర్వాత గాలి మళ్ళింది. 2009లో గట్టి టాప్‌తో వచ్చిన బీఎండబ్ల్యూ జెడ్4 తర్వాతి తరంలో గుడ్డకి తిరిగొచ్చింది. మెర్సిడెస్ ఎస్‌ఎల్ కూడా 2021లో అదే దారి పట్టింది. ఈలోగా గుడ్డ టాప్‌లు పొరలు పొరలుగా మెరుగయ్యాయి. మొదటి తరం ఎంఎక్స్-5లో వెనక కిటికీ ప్లాస్టిక్‌ది, ఏళ్ళు గడిస్తే పసుపు పచ్చగా మారేది. ఇప్పుడు అది మంచు కరిగించే తీగలున్న గాజు.

ఇక తెరిచాక ఎలా ఉంటుందో చెప్పాలి, నాకు ఎక్కువ చెప్పాలనిపించేది ఇక్కడే. సీటు నేలకి ఎంత దగ్గరగా ఉంటుందంటే పక్కన లారీ ఆగితే దాని చక్రం మన కళ్ళ ఎదురుగా ఉంటుంది. గేర్ లివర్ మణికట్టు కదలికతోనే పడుతుంది. గంటకి 50 కిలోమీటర్ల వేగంలోనే ఎంతో వేగంగా వెళ్తున్నట్టు ఉంటుంది. ఇది నాకు చాలా నచ్చిన సంగతి, ఆనందం కోసం హద్దులు దాటి తోలాల్సిన పని లేదు. గోడ పక్క నుంచి వెళ్తుంటే మన సైలెన్సర్ చప్పుడే తిరిగొచ్చి చెవిన పడుతుంది. చెట్ల కిందకి రాగానే చల్లదనం ఒంటికి తగులుతుంది, వాన వెలిసిన మట్టి వాసన లోపలికొస్తుంది. బస్సు పొగ కూడా అలాగే వస్తుంది, దానికి రెండు కార్లలోనూ మందు లేదు.

గాలి ముందు నుంచి కొడుతుందని కొత్తవాళ్ళు అనుకుంటారు. నిజానికి వెనక నుంచి వస్తుంది. ముందు అద్దం మీదుగా ఎగిరిపోయిన గాలి వెనక సుడి తిరిగి సీట్ల మధ్యలోంచి మెడ మీదకి వస్తుంది. అందుకే సీట్ల వెనక ఒక చిన్న అడ్డు పెడతారు. పక్క అద్దాలు పైకెత్తి, హీటర్ కాళ్ళ మీదకి పెట్టుకుంటే చలికాలం పొద్దున కూడా హాయిగా వెళ్ళొచ్చు. నిజం చెప్పాలంటే చలికాలమే బాగుంటుంది, మిట్టమధ్యాహ్నం ఎండ కంటే. ఎండలో టోపీ, సన్‌స్క్రీన్, నీళ్ళ సీసా తప్పనిసరి.

ఆర్ఎఫ్‌లో తెరిచినా రూఫ్ వెనక స్తంభాలు రెండూ అలాగే ఉంటాయి. తల మీద ఆకాశం కనిపిస్తుంది కానీ భుజాల వెనక గోడ ఉన్నట్టే. ఊళ్ళో వేగాలకి అది వెచ్చగా, రక్షణగా అనిపించింది. హైవేలో మాత్రం ఆ స్తంభాల మధ్య గాలి చేరి చెవుల వెనక ఒకటే మోత. పక్క లేన్‌లోకి మారేటప్పుడు ఆ స్తంభాల వెనక ఏ బండి ఉందో మెడ తిప్పినా సరిగ్గా కనపడదు. గుడ్డ టాప్‌కి కూడా మూసి ఉన్నప్పుడు ఈ ఇబ్బంది ఉంది, తెరిస్తే చుట్టూ అంతా కనిపిస్తుంది.

మూసి నడపడంలో మాత్రం గెలుపు ఆర్ఎఫ్‌దే, అందులో వాదన లేదు. గుడ్డ టాప్ కింద వాన చప్పుడు డప్పు మోతలా వినిపిస్తుంది, హైవేలో ఫోన్ మాట్లాడాలంటే గొంతు పెంచాలి. పక్క నుంచి లారీ వెళ్తే అది మన కారు లోపలి నుంచే వెళ్ళినట్టుంటుంది. రోజూ గంటల తరబడి హైవే మీద వెళ్ళేవాళ్ళకి ఇది అలసట. ఆర్ఎఫ్ పూర్తి నిశ్శబ్దం కాదు గానీ మామూలు చిన్న కారులా ఉంటుంది. దొంగ భయం కూడా ఉంది. గుడ్డని కత్తితో కోయొచ్చు, అందుకే లోపల బ్యాగు, ల్యాప్‌టాప్ వదలకూడదు.

డిక్కీ విషయంలో తేడా లేనట్టే: గుడ్డ టాప్‌కి 130 లీటర్లు, ఆర్ఎఫ్‌కి 127. రెండు మెత్తటి బ్యాగులు పడతాయి. గట్టి సూట్‌కేసు ఉంటే ఇల్లు దాటకముందే మానుకోవడం మంచిది.

సంరక్షణకి వస్తే గుడ్డ కొంచెం శ్రద్ధ అడుగుతుంది. పక్షి రెట్ట, చెట్టు జిగురు పడితే ఎండిపోకముందే కడగాలి. మెత్తటి బ్రష్‌తో, నేత వెళ్ళే దిక్కులోనే రుద్దాలి. అప్పుడప్పుడు నీరు ఇంకకుండా చేసే స్ప్రే కొట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, తడి టాప్‌ని మడిచి వదిలేయకూడదు, బూజు పడుతుంది. టాప్ మూలల్లో వాన నీరు బయటికి పోయే సన్నటి గొట్టాలుంటాయి. వాటిలో ఆకులు, మట్టి చేరితే నీళ్ళు లోపలికి దిగి తివాచీ తడుస్తుంది, తుప్పు మొదలవుతుంది. పాతది కొనేవాళ్ళు ముందు చూడాల్సింది ఇదే. ఆర్ఎఫ్‌లో బూజు గొడవ లేదు, కానీ దానికీ నీటి గొట్టాలున్నాయి, పైగా మోటార్లు, సెన్సార్లు, రబ్బరు సీళ్ళు ఉన్నాయి. వారంటీ అయిపోయాక వాటిలో ఏది పాడైనా ఖర్చు మామూలుగా ఉండదు. గుడ్డ చిరిగితే గుడ్డ మారుస్తారు.

వెనక సీటు కావాలంటే ఈ పోలికే మారిపోతుంది. 2016లో అమ్మకానికి వచ్చిన మినీ కన్వర్టిబుల్‌లో నలుగురు కూర్చోవచ్చు, వెనక ఇద్దరూ పిల్లలైతే మేలు. గుడ్డ టాపే అయినా మోటారుతో 18 సెకన్లలో, గంటకి 30 కిలోమీటర్ల వేగంలో కూడా తెరుచుకుంటుంది. ముందు భాగం వరకే తీసి సన్‌రూఫ్‌లా వాడుకునే వీలు నాకు బాగా నచ్చింది. మడిచిన టాప్ వెనక పేరుకుని అద్దంలో సగం చూపు కప్పేయడం నచ్చలేదు. ఫియట్ 500సీ ఇంకో రకం: పక్క స్తంభాలు అలాగే ఉండి పై గుడ్డ ఒక్కటే చాపలా వెనక్కి చుట్టుకుంటుంది. ఊళ్ళో తిరగడానికి ముచ్చటైన కారు, కానీ తెరిచిన కారులో ఉన్నామన్న భావన సగమే.

ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కారు ఇదే అయితే, అది రాత్రంతా వీధిలో ఉండాల్సి వస్తే, రోజూ హైవే ప్రయాణం తప్పకపోతే ఆర్ఎఫ్ తీసుకోండి. ఆరడుగులు దాటినవాళ్ళు రెండిట్లోనూ టాప్ మూసి కూర్చుని తల తగులుతుందేమో చూడాలి. స్టీరింగ్ ముందుకీ వెనక్కీ జరిగే సదుపాయం 2018 మార్పుల తర్వాతే వచ్చింది కాబట్టి పాతది చూస్తున్నవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. టెస్ట్ డ్రైవ్‌లో సేల్స్‌మన్‌ని టాప్ తీయనివ్వకుండా డ్రైవర్ సీట్లో కూర్చుని మీరే తీసి వేసి చూడండి. చెయ్యి వెనక్కి తిప్పి దాన్ని లాగేటప్పుడు భుజం పట్టేస్తే, నేను పైన రాసిందంతా పక్కన పెట్టి స్విచ్ ఉన్న కారే కొనండి.