మా జేజి మాటలు, విస్పర్: రెండున్నరేళ్లు వాడాక నా మాట

ముందే చెప్పేస్తా, మాటలు విని రాతగా మార్చే విస్పర్ అనే ప్రోగ్రాం బాగుంది, తెలుగుకు కూడా పనికొస్తుంది. కానీ మొదటి రోజు చూసి ఇంతేనా అని తీసేస్తే మాత్రం చాలా పోగొట్టుకుంటారు. నేనుండేది కడపలో. వాడేది పాత ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేదు.

మా జేజి, అంటే నాయనమ్మ, వాళ్ల ఊరు సోమశిల డ్యామ్ వెనక నీళ్లలో మునిగిపోయింది. ఆ ఊరి గురించి ఆమె చెప్పిన కబుర్లు నా ఫోన్లో 43 రికార్డింగులున్నాయి, ఒక్కోటి పది నిమిషాల నుంచి గంటన్నర దాకా. వింటూ టైపు చేద్దామని కూర్చుని మూడో దానికే ఆగిపోయాను, ఎందుకంటే ఒక్క నిమిషం మాటకు పది నిమిషాలు వెనక్కీ ముందుకీ తిప్పుకుంటూ కూర్చోవాలి.

విస్పర్ వచ్చింది 2022 సెప్టెంబరులో, 6,80,000 గంటల ఆడియో వినిపించి తయారు చేశారు. దాన్ని బల్గేరియా ప్రోగ్రామర్ జార్జి గెర్గనోవ్ సీ, సీ ప్లస్ ప్లస్ అనే కంప్యూటర్ భాషల్లో మళ్లీ రాసి మామూలు కంప్యూటర్ మీద నడిచేట్టు చేశాడు, అదే విస్పర్ డాట్ సీపీపీ. నెట్ అక్కర్లేదు, పైసా కట్టనక్కర్లేదు. జేజి గొంతు మా ఇల్లు దాటి ఎక్కడికీ పోదు. నాకు ఇదే అన్నిటికన్నా ముఖ్యం, ఆ కబుర్లలో మా ఇంటి గొడవలు కూడా ఉన్నాయి మరి.

విస్పర్‌లో చిన్నవీ పెద్దవీ రకరకాల మోడళ్లున్నాయి. మొదట స్మాల్ మోడల్ దించాను, 466 ఎంబీ. తెలుగు అని చెప్పి నడిపినా సగం మాటలకు అర్థమే లేదు. తర్వాత 2023 నవంబరులో వచ్చిన లార్జ్ వీ3 పెట్టి చూశాను. అబ్బ, ఎంత తేడా! అరగంట రికార్డింగు పెట్టి పడుకుంటే పొద్దున్నే ఫైలు రెడీగా ఉండేది. అందులో 'కపిల తోలేటప్పుడు' అనే మాట ఉన్నదున్నట్టు చూసి మా అమ్మను పిలిచి చదివి వినిపించాను. బావిలోంచి ఎద్దులతో నీళ్లు తోడే కపిల ఈ కాలం పిల్లలకే తెలియదు, అది రాసేసింది! ఆ పూట నాకు వేరే పని తోచలేదు, ఇంట్లో ఎవరు మాట్లాడినా రికార్డు చేసి దానికి వినిపిస్తూనే ఉన్నాను.

2024లో టర్బో అనే మోడల్ వచ్చింది. లార్జ్‌లో రాతను తయారుచేసే డీకోడర్ అనే భాగంలో 32 పొరలుంటే వాటిని 4కు తగ్గించారు కాబట్టి బాగా వేగంగా నడుస్తుంది. తొందరగా చూసుకోవడానికి అది, గట్టిగా కావాలంటే లార్జ్. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ వాళ్లు తెలుగుతో కలిపి 12 భారతీయ భాషలకు తర్ఫీదిచ్చిన ఇండిక్‌విస్పర్ కూడా ఉంది. తెలుగువాళ్లెవరైనా అది తప్పకుండా చూడాలి.

ఇంక మన యాస సంగతి. మా వైపు 'మీ జేజినాయన వచ్చాండాడు' అంటే తాత ఇంకా దారిలో ఉన్నాడని. మోడల్ దాన్ని 'వచ్చాడు' అని రాస్తుంది. చూడ్డానికి చిన్న తేడానే, కానీ దారిలో ఉన్న మనిషి ఇంట్లోకి వచ్చేస్తాడు, కథ మారిపోతుంది. 'చేచ్చాండా', 'పోతాండా' అన్నీ ఇంతే. అనంతపురం ఫ్రెండు వాళ్ల నాన్న మాటలు పెట్టి చూస్తే 'వస్తాండాడు' అనేది కొంచెం మేలుగా 'వస్తున్నాడు' అయింది, అర్థమైనా నిలబడింది. ఇన్నేళ్లు మాట్లాడుతూ కూడా మన రెండు జిల్లాల క్రియల మధ్య ఈ తేడాను నేనెప్పుడూ చెవి పెట్టి వినలేదు, ఈ ప్రోగ్రాం తప్పు రాసినప్పుడే గమనించాను.

ఊర్ల పేర్లకు ఒక ఉపాయం ఉంది. ప్రాంప్టులో, అంటే మోడల్‌కు ముందుగా ఇచ్చే చిన్న రాతలో, ముందే అట్లూరు, ఒంటిమిట్ట, నందలూరు అని రాసిపెడితే ఎక్కువసార్లు సరిగ్గా పట్టుకుంటుంది. అయితే ప్రాంప్టుకు హద్దు 224 టోకెన్లే (మోడల్ రాతను విడగొట్టుకునే చిన్న ముక్కలు), తెలుగు అక్షరాలు వాటిని తొందరగా తినేస్తాయి, అందుకని ఆ రికార్డింగులో వచ్చే పేర్లు మాత్రమే ఇవ్వండి.

జాగ్రత్త పడాల్సింది మౌనం దగ్గర. ఇది ఆడియోను 30 సెకన్ల ముక్కలుగా వింటుంది, ముక్కలో మాట లేకపోతే ఎవరూ అనని మాటలు రాసే అలవాటు ఈ మోడల్‌కు ఉందని వాడేవాళ్లందరికీ తెలుసు. జేజి ఏదో గుర్తు తెచ్చుకుంటూ ఆగిన చోట అలాంటి వాక్యం కనిపిస్తే నాకు గుండె ఝల్లుమనేది, ఆమె అనని మాట ఆమె పేరు మీద ఉండకూడదు కదా. మాట ఉన్న చోటే వినమని చెప్పే వీఏడీ సౌకర్యం పెట్టుకున్నాక చాలా వరకు తగ్గింది. అయినా ప్రతి పేజీ వింటూ సరిచూస్తాను.

పాటలకు మాత్రం వాడకండి. కపిల పాట ఒక్క చరణం కూడా నిలబడలేదు.

ఇప్పటికి 31 రికార్డింగులు అయ్యాయి. మిగతా వాటిలో ఒకటి మా మేనత్తా జేజీ ఒకేసారి మాట్లాడుకున్నది, గంటన్నర. దాన్ని రేపు రాత్రి పెడుతున్నా.