విదేశీ భార్య లేదా భర్తతో ఇండియాకు: ఈ-టూరిస్టా, ఎక్స్ వీసానా, ఓసీఐనా, ఏది మేలు?

భారత పాస్‌పోర్టు మీదే విదేశంలో ఉంటూ అక్కడి వ్యక్తిని పెళ్లాడినవారు మొదట తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఇండియాకు చుట్టపుచూపుగా వస్తారా, నెలల తరబడి ఉంటారా?

ఏడాదికోసారి వచ్చి నెలా రెండు నెలల్లో వెళ్లిపోయేవారికి ఈ-టూరిస్ట్, అంటే ఆన్‌లైన్‌లో తీసుకునే పర్యాటక వీసా చాలు. అత్తమామల ఇంటికి టూరిస్ట్ వీసా మీద వెళ్లడం తప్పేమోనని కొందరు జంకుతారు. అక్కర్లేదు, బంధుమిత్రులను కలవడం అనే కారణం దరఖాస్తులోనే ఉంది. ఇందులో 30 రోజులు, ఏడాది, ఐదేళ్లు అని మూడు రకాలు. మొదటిదానికి ప్రయాణానికి 30 రోజుల ముందు నుంచి, మిగతా రెండింటికి 120 రోజుల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. ఏదైనా కనీసం నాలుగు రోజుల ముందే పెట్టాలి. ఐదేళ్లది తీసుకోవడమే మంచిది. ఎన్నిసార్లైనా రావచ్చు, కాకపోతే ఒక క్యాలెండర్ సంవత్సరంలో మొత్తం 180 రోజులు దాటకూడదు.

తిప్పలు ఎక్కువగా అప్‌లోడ్ దగ్గరే వస్తాయి. ఫొటో చతురస్రంగా, తెల్లటి వెనుకభాగంతో ఉండాలి. పాస్‌పోర్టు పీడీఎఫ్ 300 కేబీ మించకూడదు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినా పాస్‌పోర్టులో పాతదే ఉంటే, దరఖాస్తులోనూ పాతదే రాయాలి. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. అసలు ఇబ్బంది వేరే ఉంది. ఈ-వీసాను పొడిగించరు, మరో రకానికి మార్చరు. ఇంట్లో పెద్దవాళ్లకు జబ్బు చేసి ఇంకొన్నాళ్లు ఉండాల్సి వచ్చినా అది అక్కరకు రాదు.

అలాంటి అవసరం ముందే తెలిస్తే ఎంట్రీ వీసా, అంటే ఎక్స్ వీసా తీసుకోవాలి. భారత పౌరుల జీవిత భాగస్వామికి ఇచ్చేది ఇదే. భారత రాయబార కార్యాలయం ద్వారా, పెళ్లి సర్టిఫికెట్, ఇక్కడి పౌరుడి పాస్‌పోర్టు కాపీ జతచేసి దరఖాస్తు చేయాలి. గడువు ఐదేళ్ల దాకా ఇవ్వవచ్చు. ఇండియాలో ఉండగానే ఈ-ఎఫ్ఆర్ఆర్ఓ, అంటే విదేశీయుల నమోదు కార్యాలయం (ఎఫ్ఆర్ఆర్ఓ) ఆన్‌లైన్ సేవ ద్వారా పొడిగింపు అడగవచ్చు. ఎఫ్ఆర్ఆర్ఓ దగ్గర రిజిస్ట్రేషన్ ఎప్పటిలోగా చేయించుకోవాలో వీసా మీదే రాసి ఉంటుంది. దిగిన రోజే ఆ గీత చదవండి. అది పట్టించుకోకపోతే తిరిగి వెళ్లేటప్పుడు విమానాశ్రయంలో ఇబ్బంది పడాల్సి వస్తుంది. ఈ వీసా మీద ఉద్యోగం మాత్రం కుదరదు.

ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు దొరికితే ఈ తలనొప్పులేవీ ఉండవు. జీవితకాలం ఎన్నిసార్లైనా రావచ్చు, ఎన్నాళ్లైనా ఉండవచ్చు, ఎఫ్ఆర్ఆర్ఓ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. విదేశంలో రుసుము 275 డాలర్లు. అయితే పెళ్లి రిజిస్టరై, దరఖాస్తుకు ముందు కనీసం రెండేళ్లు ఎడతెగకుండా కొనసాగి ఉండాలి. గుడిలో తాళి కట్టిన ఫొటోలు, శుభలేఖ ఇక్కడ పనికిరావు. అందుకే కొత్త జంటకు మా గట్టి సలహా: వేడుక ఎప్పుడైనా చేసుకోండి, రిజిస్ట్రేషన్ మాత్రం వాయిదా వేయకండి. ఇండియాలో స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద చేస్తే 30 రోజుల నోటీసు ఉంటుంది, పైగా ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో అంతకుముందు 30 రోజులు నివసించి ఉండాలి. రెండు వారాల సెలవు మీద వచ్చినవారికి ఇది సాగదు. అలాంటప్పుడు ఉంటున్న దేశంలోనే రిజిస్టర్ చేయించుకుని, ఆ సర్టిఫికెట్ మీద అపోస్టిల్, అంటే అది వేరే దేశంలోనూ చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర వేయించుకోవడం తేలిక.

జీవిత భాగస్వామిగా ఓసీఐ అడిగేవారికి ముందస్తు భద్రతా తనిఖీ తప్పనిసరి, కాబట్టి నెలలు పట్టవచ్చు. టికెట్లు కొనేశాక ఓసీఐ కోసం ఎదురుచూడకండి, ఆ ప్రయాణానికి ఈ-టూరిస్టే తీసుకోండి. ఆ వీసా మీద ఇండియా వచ్చి ఇక్కడ ఓసీఐకి దరఖాస్తు చేయడం మాత్రం కుదరదు. దరఖాస్తు చేసేవారి తల్లిదండ్రులో తాత ముత్తాతలో ఎప్పుడైనా పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులై ఉంటే ఓసీఐ ఇవ్వరు.

కార్డు వచ్చాక కూడా ఒక పని మిగులుతుంది. పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ మూడు నెలల్లోగా దాని కాపీ, కొత్త ఫొటోతో పాటు పెళ్లి కొనసాగుతోందన్న ప్రకటన అప్‌లోడ్ చేయాలి. కోర్టు విడాకులిస్తే ఆ కార్డును రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది.