పెళ్ళికార్డు మీద పేర్లకి ఏది మేలు: సన్నటి వాలు అక్షరమా, నిటారు అక్షరమా?

ఇంగ్లీషు పేరుకి లైట్ ఇటాలిక్, తెలుగు పేరుకి నిటారు అక్షరం. విజయనగరంలో కార్డు వేయించుకునేవాళ్ళు ఎవరడిగినా నేను చెప్పేది ఇదే. ఇంగ్లీషుకి మాత్రం రెండు షరతులున్నాయి.

ఇక్కడ మాట్లాడేది గీతల కొసన చిన్న అడ్డుగీతలు లేని సాన్స్ అక్షరం గురించి. లైట్ అంటే గీత సన్నం, ఇటాలిక్ అంటే కుడివైపు వాలు. 1957లో అక్షరాల రూపకర్త అడ్రియన్ ఫ్రూటిగర్ యూనివర్స్ అనే ఫాంట్ తెచ్చినప్పుడు వీటికి నంబర్లు పెట్టాడు: 55 మామూలుది, 45 లైట్, 46 ఆ లైట్‌కి వాలు రూపం. వాలులోనూ తేడాలున్నాయి. హెల్వెటికా అనే ఫాంట్‌లో నిటారు అక్షరాన్నే పక్కకి వంచినట్టుంటుంది. గిల్ సాన్స్ అనే ఇంకో ఫాంట్ ఇటాలిక్‌లో ఇంగ్లీషు చిన్న 'ఏ' చేత్తో రాసినట్టు ఒకే సున్నాతో ఉండే రూపానికి మారుతుంది. శుభలేఖకి నా ఓటు రెండోదానికే. మొదటిది వేస్తే కంపెనీ లెటర్‌హెడ్ అనిపిస్తుంది.

షరతులు కాగితం, సైజు. మెరూన్ కార్డు మీద అక్షరాన్ని తెల్లగా వదిలితే చుట్టూ ఉన్న సిరా పాకి సన్నగీతని మింగేస్తుంది. గరుకు కాగితానికి గోల్డ్ ఫాయిల్ సరిగా అంటుకోదు, గీత మధ్యలో తెగుతుంది. నున్నటి లేతరంగు కార్డు మీద పేర్లు 18 పాయింట్లకి తగ్గకుండా వేస్తే దిగుల్లేదు. ముహూర్తం, కల్యాణమండపం, ఫోన్ నంబర్లు నిటారు రెగ్యులర్‌లోనే, అంటే మామూలు మందంలోనే ఉండాలి. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయే పెదనాన్నలు కూడా చదవాలి కదా!

ఇక తెలుగు. మన ఫాంట్లలో చాలావాటికి అసలు ఇటాలిక్ లేదు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే గిడుగు, గురజాడ ఫాంట్లు (రెండూ మనవైపు పేర్లే) ఒకే మందంలో, నిటారుగానే వస్తాయి. ఇటాలిక్ కోసం ఐ బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ అక్షరాన్ని బలవంతంగా వంచుతుంది. 'పైడితల్లి' అని కొట్టి వంచి చూడండి: 'ల్లి'లో గుడి కుడికి పోతుంది, కింద వత్తు ఎడమకి జరుగుతుంది. అసలే పైకి లేచి ఉండే తలకట్టు పక్క అక్షరం మీదకి వాలుతుంది. తెలుగులో సన్నదనమే కావాలంటే హింద్ గుంటూరు లైట్ తీసుకోండి, లేదా నోటో సాన్స్ తెలుగు లైట్. ఇంగ్లీషు లైట్ ఇటాలిక్ పక్కన ఇవి నిటారుగా ఉన్నా ఎబ్బెట్టుగా ఉండవు. పక్కపక్కన ఉన్న గీతల మందం కలిస్తే చాలు, వాలు కలవక్కర్లేదు.

వాట్సాప్‌లో పంపే కార్డుకి లైట్ వద్దు. బొమ్మ కుదించుకుపోయి సన్నటి ఏటవాలు గీతలు మసకబారతాయి. సిరిమానోత్సవం ఫ్లెక్సీలకైతే ఆలోచించనే అక్కర్లేదు, రోడ్డు అవతలి నుంచి చదవాలి కాబట్టి బోల్డే.

పొందూరు ఖద్దరు చీరకి కట్టే ట్యాగ్ సంగతి వేరు. చేత్తో పట్టుకుని దగ్గరగా చూసేది, ఉండేవి నాలుగు మాటలు. అక్కడ ఇంగ్లీషు పేరుకి లైట్ ఇటాలిక్ భలే ఒప్పుతుంది. ధర, కొలత మాత్రం నిటారుగా వేయించండి.