సలీనాస్, మాంటెరే ట్రిప్: పుస్తకం అసలుదే, అట్ట మాత్రం కాదు

ముందే చెప్పేస్తున్నా, అమెరికాలో పాత పుస్తకాల ఫస్ట్ ఎడిషన్లు, అంటే మొట్టమొదట అచ్చైన కాపీలు, కొనాలనుకునేవాళ్ళు, అందులోనూ యాంటిక్ మాల్‌లో అద్దాల బీరువాలో తాళం వేసి పెట్టినవి చూసి ముచ్చటపడేవాళ్ళు, కార్డు తీసే ముందు ఇది చివరిదాకా చదవండి. మేము 1,850 డాలర్లు పెట్టి కొన్నాం, ఆ రాత్రే మోసపోయామని తెలిసింది, డబ్బులు వెనక్కి రావడానికి తొమ్మిది వారాలు పట్టింది.

నాన్నగారు తెనాలిలో ఇంగ్లీష్ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు 74. ఆయన ఎం.ఫిల్ అమెరికన్ నవలా రచయిత జాన్ స్టైన్‌బెక్ మీద. అప్పట్లో హైదరాబాద్ ఉస్మానియా క్యాంపస్‌లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ అని ఉండేది, 1964లో పెట్టారు, అందరూ ఏఎస్ఆర్‌సీ అనేవాళ్ళు, వేసవి సెలవలు ఇవ్వగానే నాన్నగారు రైలెక్కి వెళ్ళి నెల రోజులు అక్కడే కూర్చుని నోట్స్ రాసుకునేవారట. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో స్టైన్‌బెక్ సొంతూరు సలీనాస్ పేరు పక్క ఊరి పేరులా వినిపించేది. నేను కాలిఫోర్నియాలోనే ఫ్రీమాంట్‌లో ఉంటాను, అక్కడికి 75 మైళ్ళు, గంటన్నర లోపు ప్రయాణం, పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఈసారి ఆయన విజిటర్ వీసా మీద వచ్చాక శుక్ర, శని, ఆది మూడు రోజులు పెట్టుకుని నేను, నా భార్య, నాన్నగారు బయల్దేరాం. ఆయన పుట్టినరోజు కూడా ఆ వారంలోనే, అందుకని 2,000 డాలర్లలోపు ఒక మంచి పుస్తకం కొనిపెట్టాలని నేను మనసులో అనుకున్నాను, ఆయనకి చెప్పలేదు.

గిల్రాయ్ దాటాక 101 మీద రెండు వైపులా పొలాలే. లెట్యూస్, స్ట్రాబెర్రీ, వరసగా వంగి కోస్తున్న కూలీలు, గట్టు మీద వాళ్ళ పాత కార్లు. నాన్నగారు కాసేపు ఆపమన్నారు. మన గుంటూరు వైపు మిరప కోతలకి కర్నూలు నుంచి కుటుంబాలకి కుటుంబాలు వస్తాయి కదా, అదే గుర్తొచ్చింది అన్నారు. ఎనభై ఏళ్ళ క్రితం నాటి స్టైన్‌బెక్ నవలలో చదివిన మనుషులు ఇంకా ఇక్కడే ఉన్నారే అన్నారు, భాష మాత్రం మారింది, అప్పుడు ఓక్లహోమా నుంచి వలసొచ్చినవాళ్ళ యాస, ఇప్పుడు స్పానిష్.

సలీనాస్‌లో నేషనల్ స్టైన్‌బెక్ సెంటర్ బావుంది, రెండు గంటలు చాలు. అన్నిటికంటే చూడాల్సింది రోసినాంటే, అంటే 1960లో స్టైన్‌బెక్ తన కుక్కని ఎక్కించుకుని దేశం చుట్టడానికి వాడిన ఆకుపచ్చ జీఎంసీ ట్రక్కు, వెనక చిన్న ఇల్లులాగా క్యాంపర్. నాన్నగారు దాని చుట్టూ మూడుసార్లు తిరిగారు. ఇంకో మాట, 1939లో ఆయన నవల గ్రేప్స్ ఆఫ్ రాత్ వచ్చినప్పుడు ఈ ఊళ్ళోనే ఆ పుస్తకాన్ని తగలబెట్టారని చెబుతారు, తర్వాత 1962లో నోబెల్ వచ్చింది, 1968లో పోయారు, 1969లో ఊరి లైబ్రరీకి ఆయన పేరే పెట్టుకున్నారు. సమాధి గార్డెన్ ఆఫ్ మెమరీస్‌లో ఉంది, వాళ్ళమ్మ తరఫు హామిల్టన్ వాళ్ళ సమాధుల మధ్య చిన్న పలక అంతే, దారి చూపే బోర్డు లేకపోతే దొరకదు.

భోజనం సంగతి వివరంగా చెప్పాలి. స్టైన్‌బెక్ 1902లో పుట్టిన ఇల్లు అలాగే ఉంది, సెంట్రల్ అవెన్యూలో, సెంటర్ నుంచి నడిచి వెళ్ళేంత దూరం, ఆ ఇంట్లోనే మధ్యాహ్నం భోజనం పెడతారు. వ్యాలీ గిల్డ్ అని ఊళ్ళో ఆడవాళ్ళు కొందరు కలిసి 1973లో ఇల్లు కొని 1974లో ఆయన పుట్టినరోజు ఫిబ్రవరి 27న రెస్టారెంట్‌గా తెరిచారు, ఇప్పటికీ వడ్డించేది వాలంటీర్లే. నా భార్య ముందే ఫోన్ చేసి వెజిటేరియన్ ఉందా అని కనుక్కుని టేబుల్ బుక్ చేసింది, మీరూ అలాగే చేయండి, ఆది, సోమవారాలు నమ్ముకుని వెళ్ళొద్దు. మాకు వచ్చింది పాలకూర, చీజ్ పెట్టి బేక్ చేసిన ముక్క, సూప్, సలాడ్, చివర్లో ఒక కేకు. బయట తిండి అంటే రెండు ముద్దలు తిని పక్కన పెట్టే నాన్నగారు ప్లేటు ఖాళీ చేశారు. మేము కూర్చున్న గదికి పక్క గదిలోనే ఆయన పుట్టారని వడ్డించే పెద్దావిడ చెప్పేసరికి నాన్నగారు చెంచా కింద పెట్టి లేచి వెళ్ళి చూసొచ్చారు. ముగ్గురికి టిప్‌తో కలిపి 83 డాలర్లు, ఈ ట్రిప్‌లో మనస్ఫూర్తిగా ఇచ్చిన డబ్బు ఇదే.

ఇంటి కింద సెల్లార్‌లో చిన్న షాపు ఉంది, పాత పుస్తకాలు కూడా అమ్ముతారు. అక్కడ స్టైన్‌బెక్ నవల ఆఫ్ మైస్ అండ్ మెన్ 1937 కాపీ ఒకటి కనిపించింది. నాన్నగారు "పెండ్యులా ఉందా అమ్మా" అని అడిగారు, కౌంటర్ దగ్గర ఆవిడ ముఖం వెలిగిపోయింది, వెంటనే 9వ పేజీ తెరిచింది. సంగతేంటంటే ఆ నవల మొట్టమొదటి ప్రింటులో 9వ పేజీలో ఒక వాక్యం చివర్లో లెన్నీ అనే పాత్ర చేతులు పెండ్యులా, అంటే లోలకాలు, అయినందుకే కదిలాయి అని కొన్ని మాటలుంటాయి, తర్వాతి ప్రింటుకి తీసేశారు, అలాగే 88వ పేజీ నంబర్లో రెండు ఎనిమిదుల మధ్య ఒక చుక్క ఉంటుంది. మొదట వేసింది 2,500 కాపీలే. ఈ కాపీలో ఆ మాటలు లేవు, "ఇది తర్వాతి ప్రింటు, మీకు కావలసింది ఇది కాదు" అని ఆవిడే చెప్పి మళ్ళీ బీరువాలో పెట్టేసింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మర్నాడు జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకం.

మాంటెరేలో మోటెల్ రెండు రాత్రులకి ట్యాక్సులతో 503 డాలర్లు, శుభ్రంగా ఉంది, బ్రేక్‌ఫాస్ట్ అంటే బ్రెడ్డు, జ్యూసు. శనివారం పొద్దున క్యానరీ రో వీధి తిరిగాం, అక్వేరియం చూశాం, 800 నంబర్ దగ్గర స్టైన్‌బెక్ స్నేహితుడు ఎడ్ రికెట్స్ ల్యాబ్ బయట నుంచే ఫోటో తీసుకున్నాం.

అసలు కథ మధ్యాహ్నం మొదలైంది. పేరు చెప్పను, తీరం వెంబడే ఒక ఊళ్ళో పెద్ద యాంటిక్ మాల్. ఇవి ఎలా నడుస్తాయంటే ఒక్క షాపు కాదు, లోపల అరవై డెబ్భై మంది బీరువాలు అద్దెకి తీసుకుని సామాను పెట్టి వెళ్ళిపోతారు, కౌంటర్‌లో ఉండేవాళ్ళు డబ్బులు తీసుకోవడానికే తప్ప సరుకు గురించి వాళ్ళకేమీ తెలీదు. ఒక బీరువాలో గ్రేప్స్ ఆఫ్ రాత్. ట్యాగ్ మీద చేత్తో రాసి ఉంది, ఫస్ట్ ఎడిషన్, ఒరిజినల్ డస్ట్ జాకెట్‌తో, అంటే పుస్తకం మీద తొడిగే కాగితపు అట్టతో, 2,100. తాళం తీయించి చూశాం. కాపీరైట్ పేజీలో 1939 ఏప్రిల్‌లో మొదట ప్రచురణ అని ఉంది, ఆ కింద వేరే ప్రింటింగులేమీ లేవు, లోపలి అట్టల మీద నవలకి పేరు వచ్చిన బ్యాటిల్ హిమ్ పాట మొత్తం అచ్చేసి ఉంది, జాకెట్ మడతలో 2.75 డాలర్ల ధర, కింద మూల ఫస్ట్ ఎడిషన్ అనే మాట. పుస్తకాల్లో చదివిన గుర్తులన్నీ సరిపోయాయి. నాన్నగారి చేతులు వణికాయి. ఆ చేతులు చూశాక నేనింక ఆలోచించలేదు, బేరమాడితే కౌంటర్‌లో అతను ఎవరికో ఫోన్ చేసి 1,850కి ఇస్తానన్నాడు, కార్డు ఇచ్చేశాను. నాన్నగారు ఇంత డబ్బు ఎందుకురా, వద్దురా అంటూనే ఉన్నారు. కార్డు మెషీన్‌లో పెట్టే ముందు నా భార్య ఆ ట్యాగ్‌ని ఫోటో తీసింది, అదే మమ్మల్ని కాపాడింది.

ఇక్కడ కొత్తవాళ్ళకి ఒక విషయం తెలియాలి. ఈ పుస్తకం జాకెట్ లేకుండా ఫస్ట్ ఎడిషన్ అయితే కొన్ని వందల డాలర్లే, అదే అసలు జాకెట్‌తో మంచి కండిషన్‌లో ఉంటే వేలల్లో. అంటే మనం పెట్టే డబ్బులో ఎక్కువ భాగం పై కాగితానికే. ఆ రోజుల్లో జనం జాకెట్ చింపి పారేసేవాళ్ళు, లైబ్రరీలు కూడా తీసేసేవి, అందుకే మిగిలినవి తక్కువ. ఏఎస్ఆర్‌సీలో తను చూసిన కాపీలకి జాకెట్లే ఉండేవి కావని, నలభై ఏళ్ళు స్టైన్‌బెక్ చదివి ఈ జాకెట్‌ని చేత్తో పట్టుకోవడం ఇదే మొదటిసారని నాన్నగారు కారులో చెప్పారు.

రాత్రి తొమ్మిదిన్నరకి ఆయన టేబుల్ లైట్ కింద పుస్తకం పెట్టుకుని, పేపర్ చదువుకోవడానికి తెచ్చుకున్న భూతద్దంతో చూస్తున్నారు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా "ఒరేయ్, ఇలా రా" అన్నారు. జాకెట్ తీసి చూపించారు. పుస్తకం వెన్ను బట్ట ఎండకి గోధుమ రంగు తిరిగిపోయి ఉంది, జాకెట్ వెన్ను మాత్రం నిన్న అచ్చేసినట్టు మెరుస్తోంది. ఎనభై ఏళ్ళు ఈ జాకెట్ ఈ పుస్తకం మీదే ఉంటే ఎండ ముందు జాకెట్‌కి తగలాలి కదా అన్నారు. లోపలి వైపు తెల్లగా ఉంది, 1939 కాగితం అంత తెల్లగా ఉండదు. జాకెట్ మడతలు ఏళ్ళ తరబడి ఆనుకుని ఉంటే ఆ చోట లోపలి పేజీ మీద గోధుమ రంగు నీడ పడుతుంది, అదీ లేదు. భూతద్దంలో చూస్తే బొమ్మంతా ఇప్పటి ప్రింటర్ చుక్కలు. వెనక మడత కింద అంచు కత్తెరతో కోసినట్టు వంకరగా ఉంది, ముందు మడత కంటే పొట్టి.

కోసింది ఎందుకో తర్వాత తెలిసింది. జాకెట్ లేని పుస్తకాలకి పెట్టుకోవడానికి నకలు జాకెట్లు ఇరవై ముప్పై డాలర్లకి దొరుకుతాయి, అందులో తప్పేమీ లేదు, నిజాయితీగా చేసేవాళ్ళు మడత మీద ఇది నకలు అని చిన్న అక్షరాల్లో అచ్చేస్తారు. ఎవరో ఆ అక్షరాలు కత్తిరించి ఒరిజినల్ అని ట్యాగ్ కట్టారు. పొరపాటున జరిగేది కాదు ఇది.

ఆ రాత్రి ఎవరం సరిగ్గా పడుకోలేదు. నాన్నగారికి డబ్బు పోయిందన్న బాధ కంటే షాపులోనే తను పట్టుకోలేకపోయానన్న బాధ ఎక్కువ, నా కోసమే కదా కొన్నావు అని పదిసార్లు అన్నారు.

ఆదివారం పది గంటలకి తలుపు తీయగానే వెళ్ళాం. కౌంటర్‌లో వేరే మనిషి. రసీదు కింద వరస చూపించాడు, అమ్మినవి వెనక్కి తీసుకోబడవు అని. సరుకు పెట్టిన మనిషి నంబర్ ఇవ్వమంటే ఇవ్వకూడదన్నాడు. మేనేజర్ వచ్చి గోధుమ రంగు తిరిగిన వెన్ను, మెరిసే జాకెట్ రెండూ చూసి కూడా "పాత వస్తువుల్లో ఇవన్నీ మామూలే" అంది, 200 డాలర్ల స్టోర్ క్రెడిట్ ఇస్తానంది. నాన్నగారు వదిలేయరా, గొడవెందుకు అంటూ బయట బెంచీ మీద కూర్చున్నారు. నా భార్య మాత్రం కదల్లేదు, "మావయ్యగారూ, మీరు కూర్చోండి, నేను మాట్లాడతా" అని ఫోన్‌లో ట్యాగ్ ఫోటో తీసి చూపించి, ఒరిజినల్ అని మీ షాపులో రాసుంది, నకలు అమ్మారు, కార్డు కంపెనీకి ఇదే పంపిస్తాను అని చెప్పి వచ్చేసింది. ఆమె గొంతు ఒక్కసారి కూడా పెరగలేదు.

కార్డు కంపెనీకి వర్ణించిన వస్తువు ఇది కాదు అనే కారణం కింద డిస్ప్యూట్ వేశాం. రుజువు కోసం శాన్ ఫ్రాన్సిస్కోలో పాత పుస్తకాలే అమ్మే ఒక షాపాయన దగ్గరికి వెళ్తే ఆయన జాకెట్ చేతిలోకి తీసుకున్న అర నిమిషంలో చెప్పేశాడు, ఉత్తరం రాసిచ్చినందుకు 40 డాలర్లు తీసుకున్నాడు. మాల్ వాళ్ళు మేము ఒరిజినల్ అని రాయలేదని జవాబు పంపారు, ఫోటో ఉండబట్టి అది నిలబడలేదు. ఇన్సూరెన్స్‌తో పుస్తకం వెనక్కి పంపడానికి ఇంకో 38 డాలర్లు, తొమ్మిదో వారంలో 1,850 అకౌంట్‌లో పడింది.

కాబట్టి కొనేవాళ్ళు అమెరికా పాత పుస్తకాల వ్యాపారుల సంఘం, ఏబీఏఏ, దాని సభ్యుల దగ్గరే కొనండి. 1949 నుంచి ఉంది, చెప్పిన వర్ణనకి పుస్తకం సరిపోకపోతే వెనక్కి తీసుకోవాలని వాళ్ళ నియమాల్లోనే ఉంది. ధర కొంచెం ఎక్కువే ఉంటుంది, పెట్టండి. రసీదు మీద ఎడిషన్, జాకెట్ అసలుదా నకలా రెండూ రాయించుకోండి. జాకెట్ తీసి పుస్తకం వెన్నుతో పోల్చకుండా డబ్బు ఇవ్వొద్దు. క్యాష్ అసలే ఇవ్వొద్దు. బొమ్మ, కాగితం అలవాటు కావాలంటే శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ దగ్గర కింగ్ లైబ్రరీలో 5వ అంతస్తులో స్టైన్‌బెక్ స్టడీస్ సెంటర్ ఉంది, అక్కడికి వెళ్ళొచ్చాక కొనడం మంచిది, మేము ఈ పని ముందు చేయాల్సింది, తర్వాత చేశాం. నాన్నగారు అక్కడ ఒక పూటంతా గడిపారు, నేను ఆఫీసు అయ్యాక వెళ్ళి తీసుకొచ్చాను.

డబ్బు తిరిగొచ్చాక అదే శాన్ ఫ్రాన్సిస్కో షాపుకి వెళ్ళాం. నాన్నగారు పెద్దవాటి వైపు చూడలేదు. స్టైన్‌బెక్ నవల క్యానరీ రో, 1945, వైకింగ్ ప్రెస్ ఒకటి తీసుకున్నారు. దానికి మొదట లేత గోధుమ రంగు బట్ట వేశారు, తర్వాత పసుపు బట్ట, ఇది పసుపుది కాబట్టి తక్కువ ధర, జాకెట్ లేదు, 75 డాలర్లు. షాపాయన రసీదు మీద ఇవన్నీ ఒక్కొక్కటిగా రాసిచ్చాడు, పారదర్శకంగా ఉండే మైలార్ కవర్ ఒకటి ఊరికే ఇచ్చాడు.

ఇంటికొచ్చాక నాన్నగారు ముందు మైలార్ తొడిగారు, దాని మీద గ్రాసరీ తెచ్చిన బ్రౌన్ బ్యాగ్ కత్తిరించి, జూన్‌లో మా నోట్‌బుక్కులకి వేసినట్టే, టేపు లేకుండా మడతలతోనే అట్ట వేశారు. వెళ్ళే రోజు ఎయిర్‌పోర్టులో సూట్‌కేస్‌లో పెట్టనివ్వలేదు, భుజానికి వేలాడే సంచిలో పాస్‌పోర్టు పక్కన పెట్టుకున్నారు.