బరంపురంలో ఐసోకైనెటిక్ మెషిన్‌తో కొన్నేళ్లు పనిచేశాక నా రివ్యూ

ఒడిశాలోని బరంపురంలో ఒక ప్రైవేట్ రిహాబ్ సెంటర్‌లో ఫిజియోగా చేస్తున్నాను, మా దగ్గరున్న ఐసోకైనెటిక్ మెషిన్, అంటే కండల బలం కొలిచే మెషిన్, వచ్చినప్పటి నుంచి దాని మీద ఎక్కువగా పనిచేసేది నేనే. పర్లాకిమిడి నుంచి, రాయగడ నుంచి తెలిసిన ఫిజియోలు ఫోన్ చేసి ఇది కొనొచ్చా అని అడుగుతుంటారు, టెస్ట్ రాయించుకుని వచ్చిన పేషెంట్లేమో అసలిదేంటి, నొప్పెడుతుందా అని అడుగుతారు, అందుకే ఇద్దరికీ పనికొచ్చేలా ఒకేచోట రాస్తున్నా. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే నేను చెప్పబోయేవి చాలావరకు ఏ కంపెనీ మెషిన్‌కైనా వర్తిస్తాయి.

జిమ్‌లో లెగ్ ఎక్స్‌టెన్షన్ మీద 20 కేజీలు పెట్టామంటే బరువు ఫిక్స్, స్పీడు మన ఇష్టం. ఇక్కడ స్పీడు ఫిక్స్. సెకనుకి 60 డిగ్రీలని పెడితే ఎంత గట్టిగా తన్నినా కాలు అంతకంటే ఫాస్ట్‌గా లేవదు, మనం ఎంత బలం పెడితే మెషిన్ అంత ఎదురు బలం ఇస్తుంది, చెరువులో నడుము లోతున నిలబడి నీళ్లని చేత్తో తోస్తే ఎలా ఉంటుందో కాస్త అలాంటి ఫీలింగ్. మధ్యలో నొప్పొచ్చి ఆపేశారనుకోండి, ఎదురు బలం కూడా అక్కడే ఆగిపోతుంది, మీద పడిపోయే బరువంటూ ఏమీ ఉండదు. ఆపరేషన్ అయిన మోకాలికి ఇది పెద్ద ధైర్యం. ఐడియా కొత్తదేం కాదు, 1960ల్లో అమెరికాలో జేమ్స్ పెరైన్ మొదలుపెట్టాడు, 1967లో హెలెన్ హిస్లాప్‌తో కలిసి పేపర్ రాశాడు, సైబెక్స్ అనే పేరుతో ఈ రకం మెషిన్లు వచ్చింది ఆ దారిలోనే.

రిపోర్ట్‌లో అందరూ ముందు చూసేది పీక్ టార్క్, అంటే ఆ కండ మోకాలిని తిప్పగలిగిన గరిష్ఠ బలం, న్యూటన్ మీటర్లలో వస్తుంది. మేం మామూలుగా సెకనుకి 60 డిగ్రీల స్పీడు దగ్గర ఐదు సార్లు, 180 దగ్గర పది సార్లు, అవసరమైతే 300 దగ్గర ఇంకొన్ని చేయిస్తాం. స్పీడు పెరిగితే టార్క్ తగ్గుతుంది, కండ స్వభావమే అంత, కాబట్టి 180 దగ్గర నంబర్ తక్కువొచ్చిందని ఎవరూ కంగారు పడక్కర్లేదు.

ఇన్నేళ్లలో నాకు బాగా అర్థమైంది ఏంటంటే ఈ మెషిన్ విలువంతా సెటప్‌లోనే ఉంది. మోకాలు బయటి వైపు ఎముక బొడిపె ఉంటుంది కదా, మెషిన్ ఇరుసు సరిగ్గా దాని ఎదురుగా రావాలి, అదీ కాలు ఊరికే వేలాడుతున్నప్పుడు కాదు, కండ బిగించి తన్నేటప్పుడు కూడా అక్కడే ఉందో లేదో చూడాలి, ఎందుకంటే బలం పెట్టగానే మనిషి సీట్లో పైకి జరుగుతాడు, కుషన్ నొక్కుకుపోతుంది, ఇరుసు తప్పుతుంది. అందుకే ఛాతీ మీద రెండు బెల్టులు, నడుముకొకటి, తొడకొకటి. మోకాలు మార్పించుకున్న ఒక పెద్దావిడ "ఏటి బాబూ, ఇలగ కట్టేస్తన్నారు" అని భయపడింది, ఆవిడకి రెండు నిమిషాలు కూర్చుని చెప్పాల్సి వచ్చింది, చెప్పాక బ్రహ్మాండంగా చేసింది. సీటు ఎంత వెనక్కి, ఎత్తు ఎంత, ప్యాడ్ చీలమండకి ఎంత పైన, అన్నీ ఫైల్లో రాసుకోవాలి, మూడు నెలల తర్వాత అదే మనిషి వస్తే అవే నంబర్లు పెట్టాలి. కాలి బరువు కూడా ముందే తూయించాలి, లేకపోతే కాలు చాపేటప్పుడు దాని బరువు మనకి ఎదురొస్తుంది, మడిచేటప్పుడు సాయం చేస్తుంది, అప్పుడు తొడ ముందు కండ నిజానికంటే వీక్‌గా, వెనక కండ స్ట్రాంగ్‌గా కనిపిస్తాయి.

అరుపులు కూడా సెటప్‌లో భాగమే. పక్కనుంచి గట్టిగా ఉత్సాహపరిస్తే నంబర్ పెరుగుతుంది, మౌనంగా ఉంటే తగ్గుతుంది. మా దగ్గరికి ఒడియా వాళ్లు, తెలుగు వాళ్లు ఇద్దరూ వస్తారు కాబట్టి ఒకళ్లకి "జోర్‌రే ఠేల, జోర్‌రే టాణ", ఇంకొకళ్లకి "తొయ్, లాగు, ఇంకా ఇంకా", కానీ ప్రతిసారీ అదే గొంతు, అవే మాటలు ఉండాలి. వెంట వచ్చిన ఫ్రెండ్స్‌ని రూమ్ బయటే కూర్చోబెడతాను.

ఇక ఇది నిజంగా పనికొచ్చేది ఎక్కడంటే, బాగైపోయింది అనుకునేవాళ్లని ఆపడంలో. ఇచ్ఛాపురం వైపు నుంచి ఒక కబడ్డీ కుర్రాడు వచ్చాడు, ఏసీఎల్ (మోకాలి లోపలి ఒక లిగమెంట్) ఆపరేషన్ అయ్యి ఏడో నెల, నొప్పి లేదు, వాపు లేదు, పరిగెడుతున్నాడు, ఒంటికాలి గెంతు రెండు కాళ్లకీ దాదాపు సమానం. సంక్రాంతి టోర్నమెంట్ దగ్గర పడుతోంది, వాళ్ల నాన్నగారు "ఆడొచ్చని రాసివ్వండి సార్" అంటున్నారు. 60 దగ్గర టెస్ట్ చేస్తే బాగున్న కాలు తొడ ముందు కండ 187 న్యూటన్ మీటర్లు, ఆపరేషన్ అయిన కాలు 128. అంటే 68 శాతం, మామూలుగా మేం చూసేది కనీసం 90. గెంతులో ఎందుకు దొరకలేదంటే తుంటి, చీలమండ కలిసి మోకాలి లోటుని కప్పేస్తాయి, దూరం మాత్రం వచ్చేస్తుంది. ఈ మెషిన్‌లో మిగతావన్నీ బెల్టులతో కట్టేసి ఉంటాయి, మోకాలికి సాయం చేసేవాళ్లు ఎవరూ లేరు.

అక్కడితో ఆగకూడదు, ఆ 187 కూడా చూడాలి. కుర్రాడు 70 కేజీలు, అంటే కేజీకి 2.7 కూడా రాలేదు, ఆటగాడికి 60 దగ్గర కేజీకి 3 చుట్టుపక్కల ఉండాలని చాలామంది పెట్టుకునే టార్గెట్. నెలల తరబడి ఆట లేక బాగున్న కాలు కూడా వీక్ అయిపోతుంది, దాంతో పోల్చి 90 శాతం వచ్చేసిందని సంతోషపడితే రెండు వీక్ కాళ్లు సమానమయ్యాయని అర్థం. అందుకే శాతం ఒక్కటే రాసిచ్చే రిపోర్టులంటే నాకు కోపం. వాళ్ల నాన్నగారికి గ్రాఫ్‌లో రెండు గీతలూ చూపించాను, పెద్దదీ చిన్నదీ, వాదన అక్కడే ఆగింది. 2016లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో హెగె గ్రిండెమ్ వాళ్ల పేపర్ ఉంది, 9 నెలల వరకు ఆట వాయిదా వేసిన ప్రతి నెలకీ మళ్లీ మోకాలి గాయం అయ్యే రేటు 51 శాతం తగ్గిందని, తొడ కండలు రెండు వైపులా సమానంగా ఉన్నవాళ్లకి గాయాలు తక్కువని. అది కూడా ఆయనకి చెప్పాను. ఆ సంక్రాంతికి ఆడలేదు.

హామ్‌స్ట్రింగ్, క్వాడ్స్ నిష్పత్తి, అంటే తొడ వెనక కండకీ ముందు కండకీ ఉన్న బలం నిష్పత్తి కూడా మెషిన్ ఇస్తుంది, 60 దగ్గర 0.6 దరిదాపుల్లో ఉంటే సరే అంటాం, కానీ రెండూ వీక్‌గా ఉన్నా నిష్పత్తి అందంగానే వస్తుంది. గ్రాఫ్ మధ్యలో సొట్ట కనిపిస్తే మోకాలి చిప్ప సమస్య అని తేల్చేసేవాళ్లని చూశాను, నొప్పికి అలా రావచ్చు, భయానికీ రావచ్చు, దాంతో రోగం పేరు చెప్పడం నేను ఒప్పుకోను.

లోపాలు కూడా చెప్పాలి. కూర్చుని ఒక్క కీలు తిప్పడం ఆట కాదు. ఈ మెషిన్లు సాధారణంగా సెకనుకి 500 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి, బంతిని గట్టిగా తన్నేటప్పుడు మోకాలు 1000 దాటేస్తుంది, పైగా 300 దగ్గరే అసలు స్పీడు స్థిరంగా ఉండే భాగం చిన్నదైపోతుంది, మొదట్లో చివర్లో వచ్చే కుదుపు పీక్‌ని లెక్కలోకి తీసుకోకూడదు. మా బరంపురం వెయిట్‌లిఫ్టింగ్‌కి పేరున్న ఊరు, 2010 ఢిల్లీ కామన్వెల్త్‌లో 69 కేజీల్లో గోల్డ్ తెచ్చిన కాటులు రవికుమార్ ఇక్కడివాడే, లిఫ్టర్లు వచ్చి నా స్నాచ్ ఎంత పెరుగుతుందో దీంట్లో తెలుస్తుందా అని అడుగుతారు. తెలీదు. ఏ కాలు వెనకబడిందో తెలుస్తుంది, గాయం తర్వాత ఎంత తిరిగొచ్చిందో తెలుస్తుంది, అంతవరకే. ఎక్సెంట్రిక్ మోడ్, అంటే మెషిన్ లాగుతుంటే మనం ఆపడం, హామ్‌స్ట్రింగ్ గాయాలకి చాలా మంచిది కానీ రెండు రోజులు ఒళ్లు పట్టేస్తుంది, మ్యాచ్ వారంలో పెట్టొద్దు.

ఏసీఎల్ అయిన మొదటి నెలల్లో ఫుల్ రేంజ్‌లో గరిష్ఠ టెస్ట్ చేయించొద్దు, కాలు పూర్తిగా చాచే చివరి భాగంలో కొత్త లిగమెంట్ మీద లాగుడు ఎక్కువ. సర్జన్‌ని అడగాలి, కాలు అంతవరకు చాచకుండా మెషిన్‌లో రేంజ్ లాక్ చేయాలి. వాపున్న మోకాలికి, అతకని ఎముకకి, కంట్రోల్‌లో లేని బీపీకి అసలే వద్దు, గట్టిగా తోసేటప్పుడు ఊపిరి బిగబడతారు, బీపీ ఒక్కసారి ఎగురుతుంది. మేం ముందు బీపీ చూడనిదే సీటు ఎక్కించం.

కొనాలనుకునే ఫిజియోలకి: ఖర్చు లక్షల్లో, మెషిన్‌తో అయిపోదు. మా వైపు వోల్టేజ్ సంగతి తెలిసిందే, మంచి యూపీఎస్ తప్పదు, టెస్ట్ మధ్యలో కరెంట్ పోతే కుర్రాడి చేత మళ్లీ అంత బలం పెట్టించలేం. సముద్రపు గాలికి బోల్టులు తుప్పు పడతాయి, వెల్క్రో బెల్టులు ముందు పోతాయి, విడి పార్టు కోసం వారాలు ఆగాం. కాలిబ్రేషన్, అంటే మెషిన్ కొలత సరిగ్గా ఉందా లేదా అన్నది, తెలిసిన బరువుతో క్రమం తప్పకుండా చూసుకోవాలి. నెలకి కొద్దిమంది ఏసీఎల్ పేషెంట్లే వచ్చే క్లినిక్ అయితే చేత్తో పట్టుకునే డైనమోమీటర్‌ని (బలం కొలిచే చిన్న పరికరం) బెల్టుతో బిగించి మోకాలు 90 డిగ్రీలు మడిచి కొలవండి, రెండు కాళ్ల తేడా తెలియడానికి చాలావరకు సరిపోతుంది, పెద్ద టెస్ట్ అవసరమైనవాళ్లని మాలాంటి చోటికి పంపండి.

టెస్ట్‌కి వచ్చేవాళ్లు నిక్కర్ వేసుకుని రండి, భోజనం చేసి రెండు గంటలైనా అవ్వాలి, ముందు రోజు కాళ్ల వర్కౌట్ వద్దు. పాత రిపోర్ట్ ఉంటే తప్పకుండా తెండి. రెండో టెస్ట్ కూడా మొదటిది చేసిన మెషిన్ మీదే చేయించుకోండి, వైజాగ్‌లో వేరే కంపెనీ మెషిన్ మీద వచ్చిన 150నీ ఇక్కడి 150నీ పక్కపక్కన పెట్టి పోల్చలేను.